నాలుగు వేళ్ల చెయ్యి

నిప్పు లేనిదే పొగ రాదంటారు. యంగ్స్‌టౌన్ ఊళ్లో మదామ్ మాత్ చుట్టూ లేచిన పొగ మాత్రం మంచులోంచి వచ్చింది. ఐస్‌క్రీమ్ డెయిరీవాళ్లు ప్రతి శుక్రవారం టీవీ స్టేషనుకి ఒక బకెట్టు డ్రై ఐస్ పంపేవారు. దాని మీద వేడినీళ్లు పోసి అట్టముక్కతో విసిరితే తెల్లటి పొగ శవపేటిక నిండా కమ్ముకుని, అంచులు దిగి, మదామ్ మాత్ పాదాల చుట్టూ పాకేది. ఆ శవపేటికైనా అసలుది కాదు.

“సమాధుల తోటలోంచి తవ్వి తెచ్చారని మా అన్నయ్య ఒట్టేసి చెప్పాడండీ,” అన్నాడు గోర్డన్ పెలీ.

“పియానోల కొట్టు వెనక నుంచి తెచ్చారు. పియానో వచ్చిన చెక్కపెట్టె. నల్లరంగు పూశారు,” అంది లుడ్మిలా. “మీ అన్నయ్య లెక్కల్లోనూ అంతే. ఒట్టేసి మరీ తప్పు చెప్పేవాడు.”

గోర్డన్ అన్నయ్య ఆమె దగ్గర నాలుగో తరగతి చదివాడు. ఆ ఊళ్లో సగంమంది ఆమె దగ్గర నాలుగో తరగతి చదివినవాళ్లే.

గోర్డన్‌కి యాభై దాటాయి. తండ్రి నడిపిన ఫర్నిచర్ కొట్టుని ఆ మధ్యే మూసేశాడు. ఉక్కు కర్మాగారాలు ఒక్కొక్కటే మూతపడ్డాక ఊళ్లో కొత్త సోఫాలు కొనేవాళ్లు కరువయ్యారు. ఖాళీ అయిన ఆ హాల్లో వేసవి మొదట్లో మదామ్ మాత్ పేరిట ఒక ప్రదర్శన పెట్టాలని అతని కోరిక. పంతొమ్మిదివందల యాభైల్లో ఆ ఊరి టీవీ స్టేషను ప్రతి శుక్రవారం రాత్రి ఒక పాత దయ్యాల సినిమా వేసేది. రీలుకీ రీలుకీ మధ్య మదామ్ మాత్ కనిపించేది. మాత్ అంటే చిమ్మట కాబట్టి, పేరుకు తగ్గట్టే చిమ్మటలు కొట్టేసిన శాలువా కప్పుకుని, శవపేటిక పక్కన కూర్చుని, టీ తాగుతూ ఆ సినిమాని చెడామడా ఎగతాళి చేసేది. పిల్లలు దుప్పట్లో దూరి వేళ్ల సందుల్లోంచి చూసేవారు. నాలుగేళ్లు నడిచింది. అంతా అప్పటికప్పుడు జరిగే ప్రసారమే కాబట్టి ఒక్క ముక్క దాచిపెట్టిన పాపాన ఎవరూ పోలేదు. ఆడిన మాట ఆడినట్టే గాలిలో కలిసిపోయింది. చూసినవాళ్ల జ్ఞాపకమే మిగిలింది. జ్ఞాపకానికేముంది, నోళ్లు మారినకొద్దీ బరువెక్కుతుంది.

అందుకే ఏది నిజమో, ఏది కట్టుకథో తేల్చమని గోర్డన్ లుడ్మిలా దగ్గరికి వచ్చాడు. మదామ్ మాత్ ఆమె చెల్లెలు. అసలు పేరు వెరోనా వాల్కో. ఫిబ్రవరిలో పోయింది.

అతను ఒక్కొక్కటే అడిగాడు, ఆమె ఒక్కొక్కటే తేల్చింది. మదామ్ మాత్ ముఖం ఆకుపచ్చ అని కొందరంటారు, సున్నం కొట్టినట్టు తెలుపని కొందరంటారు. రెండూ నిజమే. స్టూడియోలో పూసేది ఆకుపచ్చ రంగే, కెమెరాలోంచి చూస్తే అది పాలిపోయిన తెలుపయ్యేది. సూపర్ మార్కెట్ ప్రారంభోత్సవానికి వెళ్లి ఎదురుగా చూసినవాళ్లకి ఆకుపచ్చ కనిపించింది. ఆమె పేటికలోనే నిద్రపోయేదన్నది కట్టుకథ. ప్రసారం మధ్యలోనే ప్రాణం పోయిందనీ, స్టేషనువాళ్లు తొక్కిపెట్టారనీ అనేది కూడా అంతే.

“పోలేదు. క్లీవ్‌లాండ్‌లో బీమా ఆఫీసులో ఉద్యోగం దొరికింది. అందుకని మానేసింది,” అంది లుడ్మిలా. “రిటైరయ్యాక ఇక్కడికే వచ్చింది. ఆ గదిలో ఉండేది.”

గోర్డన్ ఆ గది వైపు చూశాడు. తలుపు వేసి ఉంది. అతను కాసేపు తన టోపీని ఒళ్లో తిప్పుకుంటూ కూర్చున్నాడు.

ఆ తర్వాత నల్ల గౌను సంగతి వచ్చింది. మదామ్ మాత్ యుద్ధంలో భర్తని పోగొట్టుకున్న మనిషనీ, అందుకే జీవితాంతం నలుపే కట్టిందనీ ఊరంతా నమ్మింది. ఆ గౌను ఒక వేలంలో దొరికిందని గోర్డన్ ముచ్చటపడుతూ చెప్పాడు. లుడ్మిలా లేచి, లోపలికి వెళ్లి, ఒక గౌను చేతుల మీద వేసుకుని వచ్చింది. ముదురు ఎరుపు మఖమల్. మోచేతుల దగ్గర నూగు రాలిపోయింది.

“నా పెళ్లికి తోడిపెళ్లికూతురుగా కుట్టించుకుంది. అసలు నలుపైతే ఆ కెమెరాలు ఒప్పుకునేవి కావు, మనిషి చుట్టూ మసక కమ్మేది. ఇదైతే చక్కటి నలుపుగా కనిపించేదిట. ఇక భర్తంటావా, అది పెళ్లే చేసుకోలేదు. కొరియా యుద్ధంలో పోయింది మా ఆయన.”

గోర్డన్ ముఖం చిన్నబోయింది. ఎరుపు గౌను వంక అపనమ్మకంగా చూశాడు. దేవుడి విగ్రహానికి రంగు వేసే చోట తారసపడ్డ భక్తుడిలా ఉన్నాడతను. చివరికి, ఎంతో దాచుకుని అట్టేపెట్టిన ప్రశ్న అడిగాడు.

“మరి, చెయ్యి ఎవరిది టీచర్?”

ఆ చెయ్యిని ఎరగనివాళ్లు ఊళ్లో లేరు. పేటిక మూత కాస్త లేచేది. నల్ల తెర ముందు తెల్లటి ఎడమ చెయ్యి ఒకటి పైకి వచ్చి మదామ్ మాత్‌కి టీ అందించేది, ఆమె అల్లుతున్న శాలువా దారం లాగేసేది, చెంప గోకేది. సినిమా అయిపోయాక మార్కులు వేసేది. ఎంత గొప్ప సినిమా అయినా నాలుగు వేళ్లే చూపించేది. ఎందుకంటే దానికి ఉన్నవే నాలుగు, ఉంగరపు వేలు లేదు. ఇప్పటికీ యంగ్స్‌టౌన్‌లో పెళ్లివిందు బాగుంటే నాలుగు వేళ్ల విందంటారు.

వేరే ఊళ్లో అయితే అదేదో కెమెరా గారడీ అనుకునేవారేమో. యంగ్స్‌టౌన్‌లో వేలు పోయిన చెయ్యి గారడీ కాదు. ప్రతి వీధిలోనూ మిల్లు యంత్రాలకు వేలో, వేళ్లో సమర్పించుకున్న మగవాడు ఒకడుండేవాడు. అందుకని చూసిన మర్నాడే ఊరు తీర్పు చెప్పేసింది, అది మిల్లు మనిషి చెయ్యి అని. ఎవరి చెయ్యన్నదే మిగిలింది. లెక్కలు వేసి, వేళ్లు సరిచూసి, ఉక్కు సాగదీసే మిల్లులో పనిచేసే స్టీవ్ బాబ్యాక్ దగ్గర ఆగారు. అతనికి ఎడమ చేతి ఉంగరపు వేలు లేదు.

“బాబ్యాక్‌దేనంటారు అందరూ. వెరోనా గారిని ఎన్నిసార్లు అడిగానో, నవ్వేవారు తప్ప చెప్పలేదు,” అన్నాడు గోర్డన్. “ఇప్పుడిక తెలిసినవాళ్లు మీరొక్కరే.”

లుడ్మిలా ఎడమ చెయ్యి గౌను మడతల కింద ఉంది.

“గురువారం రా. చెబుతాను,” అంది.

చెప్పాలనే ఆమె నిశ్చయించుకుంది. ఆ చెయ్యి ఆమెది.

పెట్టెలో దాక్కుని కూర్చున్న ఆమె కుడిచేతికి పొగ విసిరే పని ఉండేది. ఎడమ చెయ్యే బయటికి వెళ్లాలి. ఎడమ చేతికి భర్త ఆండ్రూ తొడిగిన ఉంగరం ఉంది. అది తీయనంది. తీయకపోతే దీపాల వెలుగులో మెరుస్తుంది, బడిపిల్లలెవరైనా గుర్తుపడితే చర్చి బడిలో ఉద్యోగం ఊడుతుంది. ఉంగరపు వేలొక్కటీ ముడుద్దామంటే చిటికెన వేలు కూడా దానితోపాటే వంగుతుంది. అప్పుడు వెరోనా పొయ్యికి పూసే నల్ల పాలిష్ తెచ్చి, ఉంగరంతో సహా ఆ వేలికి పట్టించింది. నల్ల తెర ముందు నల్ల వేలు కెమెరాకి కనిపించదు. “చూశావా అక్కా, నీ మొగుణ్ణి ఎవరి కంటా పడకుండా దాచేశాను,” అంది వెరోనా. ఆండ్రూ పోయాక లుడ్మిలా నవ్వడం అదే మొదలు.

ఆమె ఒక్క శుక్రవారమూ మదామ్ మాత్‌ని టీవీలో చూడలేదు. చెక్క పలక అవతల చెల్లెలి గొంతు వినేది, అంతే. అంత్యక్రియల నాడు ఓదార్చడానికి వచ్చినవాళ్లు ఒకరి తర్వాత ఒకరు మదామ్ మాత్ గురించే తలుచుకున్నారు. “పాపం, మీరప్పుడు ఇంట్లో ఒంటరిగా కూర్చుని చూసేవారు కాబోలు,” అన్నారొకరు. వాళ్ల మదామ్ మాత్ పక్కన లుడ్మిలాకు చోటు లేదు. తన చెల్లెలి పక్కన నాలుగేళ్లు కూర్చున్న సంగతి తెలిసిన మరో మనిషెవరూ ఇప్పుడు భూమ్మీద లేరు. అది తనతోనే పోతే అసలు జరగనట్టే. ఆ ఒక్క ముక్క గోడ మీద రాసి ఉంటే చాలుననిపించింది ఆమెకు.

బుధవారం మధ్యాహ్నం బెర్నడెట్ వచ్చింది. స్టీవ్ బాబ్యాక్ కూతురు. ఆమె కూడా నాలుగో తరగతి లుడ్మిలా దగ్గరే చదివింది. ఇప్పుడు మనవలున్నారు. ఒక చేతిలో గుడ్డ చుట్టిన అక్రోటు రొట్టె, రెండో చేతిలో కాగితం సంచీ.

“వెరోనా గారు పోయినప్పుడు సరిగా పలకరించలేకపోయాను టీచర్. కొంచెమైనా తినండి, చిక్కిపోయారు. పాలు కలిపి కాఫీ పెట్టనా? వద్దులెండి, మీ వంటింట్లో నేను వెతుక్కుంటే మీకు నచ్చదు, నాకు తెలుసు,” అంటూనే కాఫీ పెట్టేసింది.

సంచీలోంచి ఒక తోలు తొడుగు తీసి బల్ల మీద పెట్టింది. మిల్లులో వేసుకునే ఎడమ చేతి తొడుగు. ఉంగరపు వేలు కత్తిరించి, ఆ చోటుని ముతక దారంతో కుట్టేశారు. వాళ్లమ్మ కుట్టిందట. గోర్డన్ దాన్ని గాజుపెట్టెలో పెడతానన్నాడట, పక్కన తండ్రి పేరు రాసి.

“మా నాన్న గురించి ఊరు చెప్పుకునేది ఇదొక్కటే టీచర్,” అంది బెర్నడెట్. “ముప్ఫై ఏళ్లు మిల్లుకి వెళ్లాడు, మిల్లు లేదు. కార్మిక సంఘంలో తిరిగాడు, సంఘం లేదు. శుక్రవారం రాత్రి కోటు వేసుకుని బయల్దేరేవాడు. ఎక్కడికి నాన్నా అంటే, పెట్టెలోకి అనేవాడు. మేం ఐదుగురం టీవీ ముందు కాచుక్కూర్చునేవాళ్లం. చివర్లో చెయ్యి ఊపేది చూడండి, అది మాకేననుకునేవాళ్లం. మేమూ ఊపేవాళ్లం. చిన్నది అయితే తెరకి ముద్దుపెట్టేది. మర్నాడు అమ్మ తిట్టుకుంటూ ఆ గాజు తుడిచేది.”

లుడ్మిలా కాఫీ కప్పు పట్టుకుంది గాని తాగలేదు.

స్టీవ్ బాబ్యాక్ ఆ పెట్టె దరిదాపులకి ఎన్నడూ రాలేదు. ఎక్కడికి వెళ్లేవాడో ఆమెకు తెలియదు. ఆ చెయ్యి తనదేనని ఎందుకన్నాడో తెలుసు.

కార్యక్రమం మొదలైన ఏడాదికి, చర్చి హాల్లో తల్లిదండ్రుల సమావేశం జరిగింది. దయ్యాల కార్యక్రమం మీద ఫాదర్‌కి గుర్రుగా ఉంది. మన చర్చి సంఘంలోని వాళ్లే ఎవరో సైతాను పెట్టెలో చెయ్యి పెడుతున్నారని విన్నానన్నాడు. అంతలో ఒక తల్లి లేచి, ప్రతి సోమవారం టీచర్ గోరు చుట్టూ నల్లగా ఉంటోందని తన కొడుకు చెప్పాడనీ, మదామ్ మాత్ ఈవిడ చెల్లెలే కదా అనీ అంది. హాలంతా లుడ్మిలా వైపు తిరిగింది. ఆమె లేచి నిలబడింది. అబద్ధం చెప్పడం చేతకాదు, నిజం చెబితే సోమవారం నుంచి బడి లేదు. నోరు తెరవబోతుండగా వెనక వరసలోంచి బాబ్యాక్ ఎడమ చెయ్యి ఎత్తాడు.

“ఆ చెయ్యి నాది ఫాదర్. కావాలంటే వేళ్లు లెక్కపెట్టుకోండి.”

అందరూ నవ్వారు. ఫాదర్ నవ్వలేదు. ఆ జూన్‌లో చర్చివాళ్లు చేసే దివ్యసత్ప్రసాదపు ఊరేగింపులో, ఫాదర్ తల మీద పట్టే పట్టు పందిరికి కర్ర పట్టుకునే భాగ్యం బాబ్యాక్‌కి లేకుండా చేశారు. అతని తండ్రి పట్టిన కర్ర అది. ఊరేగింపు సాగినంతసేపూ అతను పేవ్‌మెంటు మీద ఆడవాళ్ల మధ్య నిలబడి చూశాడు.

ఆ తర్వాత బెర్నడెట్ ప్రోగ్రెస్ కార్డు కోసం బడికి వచ్చాడు. లుడ్మిలా కార్డు అందించింది. అతను కార్డు చూడలేదు, ఆమె వేలు చూశాడు.

“పంది కొవ్వులో రంపపు పొట్టు కలిపి రుద్దండి టీచరమ్మా. మిల్లు జిడ్డే వదులుతుంది, పొయ్యి పాలిష్ ఎంత,” అన్నాడు మెల్లగా. తర్వాత మామూలు గొంతుతో, పిల్ల గుణకారాలు ఎలా చేస్తోందని అడిగాడు.

ఆ విషయం వాళ్లిద్దరి మధ్యా మళ్లీ రాలేదు. ఒక్క సాయంత్రం ఎత్తిన చెయ్యి ఆ రోజుతో దిగిపోయిందనే లుడ్మిలా ఇన్నేళ్లూ అనుకుంది. ఆడిన మాట నిలబెట్టడానికి అతను శుక్రవారం తర్వాత శుక్రవారం కోటు వేసుకుని, పెళ్లాం పిల్లల్ని వదిలి, ఎక్కడో చలిలో పొద్దుపుచ్చాడన్నది ఆమెకు ఇప్పుడే తెలిసింది.

“నాన్న పోయే ముందు అడిగాను టీచర్, లోపల ఎలా ఉండేదని,” అంది బెర్నడెట్. “చీకటిగా ఉండేది, కానీ మంచి సావాసం, అన్నాడు.”

లుడ్మిలా రొట్టె ముక్క ఒకటి తిన్నది. బాగుందని చెప్పింది.

గురువారం గోర్డన్ వచ్చాడు. కూర్చోకుండానే అడిగాడు.

“బాబ్యాక్ చేతిని నువ్వెప్పుడైనా చూశావా?” అంది లుడ్మిలా.

“లేదండీ.”

“నేను చూశాను. చర్చి హాల్లో అందరి ముందూ ఎత్తి చూపించి, నాదేనన్నాడు. ఆ మాటకి అతని పరువు ఖర్చయింది. ఊరికే గొప్పకి చెప్పుకునేవాడు అంత ఖర్చు పెట్టుకోడు.”

“అయితే నిజమేనన్నమాట.”

“అతని పేరు రాయి,” అంది ఆమె.

గోర్డన్ సంతోషంగా వెళ్లిపోయాడు. లుడ్మిలా వేసి ఉన్న గది తలుపు తీసి, చెల్లెలి మంచం అంచున కూర్చుంది. సాయంత్రం దాకా అక్కడే ఉంది. తన దగ్గర మిగిలిన ఒకే ఒక్క వస్తువుని ఇంకొకరి చేతిలో పెట్టి వచ్చినట్టుంది. పెట్టినందుకు విచారం లేదు. చేతులు ఖాళీ అయ్యాయి, అంతే.

ప్రదర్శన ప్రారంభం నాడు ఊరి ఆడవాళ్లు పెళ్లికి పెట్టినట్టే బిస్కెట్ల బల్ల పెట్టారు. ఒకరికంటే ఒకరు ఎక్కువ రకాలు తెచ్చారు. పెలీ ఫర్నిచర్ హాలు, సోఫాలు అమ్మిన రోజుల్లో కూడా అంత నిండలేదు. గాజుపెట్టెలో బాబ్యాక్ తొడుగు ఉంది. బెర్నడెట్ దాని పక్కనే నిలబడి, మనవలకీ, వాళ్ల స్నేహితులకీ, దారినపోయేవాళ్లకీ చెప్పిందే చెబుతోంది. హాలు చివర, నల్ల తెర ముందు పాత పెట్టెలాంటిది ఒకటి చేయించి, దాని పక్కన కుర్చీ వేసి, దర్జీ బొమ్మకి ఎరుపు గౌను తొడిగి నిలబెట్టాడు గోర్డన్. ఎదురుగా ఎక్కడినుంచో సంపాదించిన పాత కెమెరా, దానికి తగిలించిన నలుపు తెలుపు టీవీ.

“వచ్చి చూడండి టీచర్. మీరు చెప్పింది నేను నమ్మలేదు. తప్పయిపోయింది,” అన్నాడు.

ఆమె టీవీ వైపు తిరిగింది.

గౌను నల్లగా ఉంది. మఖమల్ మడతల్లో వెలుగు జారుతోంది. శాలువా భుజం మీద నుంచి ఒక పక్కకి ఒరిగింది, వెరోనా వేసుకున్నట్టే. పిల్లలు దుప్పట్లోంచి చూసింది ఇదా, అనుకుంది లుడ్మిలా. చూస్తూ నిలబడింది. తనకి ఎరుపుగా, దగ్గరగా, పాలిష్ వాసనతో తెలిసిన మనిషి ఊరికి ఇలా నల్లగా, దూరంగా, అందంగా కనిపించింది. చెక్క పలక అవతలివైపు ఏముండేదో ఆమె ఇన్నాళ్లకి చూసింది.

జనం కొంచెం పలచబడ్డాక ఆమె పెట్టె వెనక్కి వెళ్లింది. పెట్టె అంచు పట్టుకుని వంగింది. నల్ల తెర ముందుకి ఎడమ చెయ్యి చాపింది. టీవీలో గౌను పక్కన ఒక చెయ్యి పైకి లేచింది. ముడతలు పడ్డ చెయ్యి. ఉంగరం మెరిసింది. వేళ్లన్నీ విప్పి చూపించింది.

“అయ్యో, అలా కాదు టీచర్,” అంటూ బెర్నడెట్ నవ్వుతూ వచ్చింది. “ఐదు కాదు, నాలుగు. మా నాన్నకి ఈ వేలు లేదుగా. ఇది ముడవాలి.”

“ఇలాగా?” అంది లుడ్మిలా.

ఉంగరపు వేలు వంచితే చిటికెన వేలు కూడా వంగింది.

“ఊహూఁ. అది ఎవరికీ రాదండీ, మా మనవలు పొద్దుటినుంచీ అవస్థపడుతున్నారు. అందుకే మా నాన్నదే అసలు చెయ్యంటాను. ఉండండి, నేను పట్టుకుంటాను.”

బెర్నడెట్ తెర వెనక నుంచి చెయ్యి పెట్టి, ఉంగరం ఉన్న వేలిని మెల్లగా వంచి, తన రెండు వేళ్లతో అదిమి పట్టింది. ఆమె చేతులు బిస్కెట్ల వెన్నతో మెత్తగా, వెచ్చగా ఉన్నాయి.

“అదిగో, ఇప్పుడు సరిపోయింది. అలాగే ఉంచండి, కదపకండి.”

లుడ్మిలా కదపలేదు. టీవీలో నల్ల గౌను పక్కన నాలుగు వేళ్లు నిలబడ్డాయి. బిస్కెట్ల బల్ల దగ్గర ఎవరో చూసి, తమ చెయ్యి ఎత్తి ఊపారు.